వేడెక్కాక మిస్సింగ్, సిగ్నల్ దగ్గర ఆఫ్ అవుతోంది: 2012 సీబీఆర్ 250ఆర్ (సమస్య దొరికింది)

ఓరుగల్లు_250 (హనుమకొండ)

అందరికీ నమస్తే. నాది 2012 మోడల్ హోండా సీబీఆర్ 250ఆర్ బైక్, 61 వేల కిలోమీటర్లు తిరిగింది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. వానలు మొదలైనప్పటి నుంచి బండి బాగా సతాయిస్తోంది.

పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. కాజీపేట దాటేదాకా ఏ ఇబ్బందీ ఉండదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే ఐడిల్ (యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజిన్ వేగం) జారిపోయి ఆఫ్ అవుతోంది. హైవే మీద లారీని దాటుదామని యాక్సిలరేటర్ తిప్పితే ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు జర్కులు. మైలేజ్ 32 నుంచి 27కి పడింది.

ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి వేయించాను. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ క్లీనింగ్ కూడా అయింది. ఏ మార్పూ లేదు. ఇప్పుడు మా మెకానిక్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోయి ఉంటుంది, పాతది ఎక్కడైనా వెతుకు అంటున్నాడు. ఈ మోడల్ అమ్మకాలు ఆగిపోయి చాలా ఏళ్లైంది, ఏ పార్టు ఎక్కడ దొరుకుతుందో తెలియడం లేదు. బండి అమ్మే ఉద్దేశం మాత్రం అస్సలు లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

కిక్‌స్టార్ట్_కడప

తమ్ముడూ, ఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్ ఉన్న) బండి పాతబడితే ఇదే గోల. మా ఊళ్లో ఒకాయన పాత ఎఫ్‌ఐ బండికి కార్బురేటర్ బిగించి హాయిగా తిరుగుతున్నాడు. సెన్సార్ల వెంట పడి డబ్బులు పోగొట్టుకోవద్దు.

ఆటోనగర్_టెక్ (విజయవాడ)

కడప అన్నా, ఈ బండికి ఆ పని వద్దు. ఈసీయూ ఇంధనాన్ని మాత్రమే చూడదు, స్పార్క్ టైమింగ్ కూడా దాని చేతిలోనే ఉంటుంది. కార్బురేటర్ పెట్టినా ఆ సెన్సార్లన్నీ అలాగే ఉంచాలి, అప్పుడిక లాభమేముంది? పైగా ఇంజెక్టర్ తీసేస్తే మీటర్‌లో ఇంజిన్ లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, రేపు నిజంగా ఏదైనా పోతే తెలిసే దారి ఉండదు.

ఓరుగల్లు తమ్ముడూ, ఈసీయూ జోలికి ఇప్పుడే వెళ్లకు. పదేళ్లకు పైగా ఈ బళ్లు చూస్తున్నాను, అన్నిటికంటే తక్కువగా పాడయ్యేది అదే. ముందు వీటికి జవాబు చెప్పు.

కీ ఆన్ చేయగానే మీటర్‌లో పసుపు ఇంజిన్ లైట్ వెలిగి ఆరుతుందా? సైడ్ స్టాండ్ మీద ఉన్నప్పుడు ఏమైనా మినుకుతుందా?

కీ ఆన్ చేసిన వెంటనే ట్యాంక్ లోంచి రెండు సెకన్ల పాటు 'జుయ్' మని పంపు శబ్దం వస్తుందా? వేడి మీద బండి ఆఫ్ అయ్యాక కూడా అదే శబ్దం వస్తుందా?

జర్కులు యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడా, బాగా తిప్పినప్పుడా?

మూడోది అన్నిటికంటే ముఖ్యం. నిదానంగా గమనించి రాయి.

వోల్ట్_విశాఖ

దీనితో పాటు మల్టీమీటర్ పట్టుకోండి. రాత్రంతా నిలిపిన బండికి బ్యాటరీ 12.4 వోల్టుల పైన ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు పదికి దిగువకు పడకూడదు. స్టార్ట్ అయ్యాక 5 వేల ఆర్‌పీఎమ్ దగ్గర 14 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. ఎఫ్‌ఐ బండికి వోల్టేజ్ తగ్గితే పంపు నీరసపడుతుంది, ఇంజెక్టర్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, మనం వెళ్లి ప్లగ్ మారుస్తాం. మా వైజాగ్‌లో సముద్రపు గాలికి ఎర్త్ పాయింట్లు పచ్చగా తుప్పు పట్టి ఇలాగే ఏడిపిస్తాయి. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ వైరు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ బిగించండి. అది ఖర్చు లేని పని.

ఓరుగల్లు_250

అందరికీ థాంక్స్ అన్నా. చూసి వచ్చాను.

లైట్ వెలిగి ఆరుతుంది, మినకడం లేదు. పంపు శబ్దం చల్లగా ఉన్నప్పుడూ వేడిగా ఉన్నప్పుడూ వస్తోంది. బ్యాటరీ 12.6, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.8, రేస్ చేస్తే 14.2. ఎర్త్ శుభ్రం చేశాను, తేడా లేదు.

జర్కులు బాగా తిప్పినప్పుడే. నాలుగో గేర్‌లో 60 మీద మెల్లగా పోతుంటే అసలు తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు, వెనక మనిషి ఉన్నప్పుడు ఎక్కువ.

స్పానర్_సత్తెనపల్లి

బాబూ, నువ్వు ఒకే జబ్బు అనుకుంటున్నావు గానీ నాకు రెండు కనిపిస్తున్నాయి. ఐడిల్‌లో ఆగిపోవడం ఒకటి, లోడ్ మీద జర్కులు ఒకటి. రెండూ కలిపి చూస్తే మెకానిక్‌కు ఏ దారీ దొరక్క ఈసీయూ మీదికి పోతుంది బుద్ధి.

గాలి ఎక్కడైనా దొంగదారిన లోపలికి వస్తుంటే దాని ప్రభావం ఐడిల్‌లో ఎక్కువ, ఫుల్ థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు) తక్కువ. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో దొంగగాలి కాస్త కలిసినా లెక్క తప్పుతుంది. పెట్రోల్ చాలకపోతే తీరు దీనికి తిరగేసి ఉంటుంది. ఐడిల్‌లో అవసరం తక్కువ కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది, లోడ్ పడగానే బయటపడుతుంది. నువ్వు చెప్పిన జర్కులు రెండో రకం.

దానికి ముందు ఖర్చులేని పరీక్ష ఒకటి. మిస్సింగ్ వచ్చినప్పుడు బండి పక్కకు ఆపి ట్యాంక్ మూత తెరువు. 'హుస్' మని గాలి లోపలికి లాగితే ట్యాంక్‌లోకి గాలి వచ్చే వెంట్ పైపు మూసుకుపోయింది. మూత తీసి మళ్లీ వేసి నడిపితే కాసేపు బాగుంటే అదే రోగం. వానాకాలంలో మూత చుట్టూ ఉన్న నీటి రంధ్రం కూడా మట్టితో పూడిపోతుంది. నీళ్లు బయటికి పోయే దారి లేక ట్యాంక్‌లోకి దిగుతాయి. సన్నటి తీగతో పొడిచి చూడు.

ఖమ్మం_ఆర్15

నాకు పెట్రోల్ మీద అనుమానం. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక మా గ్రూపులో పాత బళ్లన్నిటికీ ఇదే కంప్లయింట్. 2012 బండి ఈ20కి తయారైంది కాదు కదా?

ఆటోనగర్_టెక్

ఆ మాటలో నిజం ఉంది, కానీ అన్నీ దాని మీదికి తోయకూడదు. 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన ఇథనాల్ రోడ్‌మ్యాప్‌లో, పాత తరం టూవీలర్లకు ఈ20తో మైలేజ్ 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని ఉంది. ఇక్కడ 32 నుంచి 27 అంటే 15 శాతం పైమాటే. మిగతాది ఇంకెక్కడో పోతోంది. ఈ20 అసలు ఇబ్బంది పెట్టేది రబ్బరును, నీళ్లను. దానికి తట్టుకోని రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది, మోతాదు దాటితే రెండూ కలిసి ట్యాంక్ అడుగుకు విడిపోతాయి. పంపు ముందు తాగేది ఆ అడుగుదే.

తమ్ముడూ, ట్యాంక్ అడుగు నుంచి కాస్త పెట్రోల్ గాజు సీసాలోకి తీసి గంట కదపకుండా పెట్టు. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంక్ ఖాళీ చేయాల్సిందే. ఇథనాల్ ఎంతుందో చూడాలంటే 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మిగతా 90 పెట్రోల్‌తో నింపి, మూత పెట్టి బాగా ఊపి నిలబెట్టు. ఇథనాల్ అంతా నీళ్లలోకి దిగుతుంది. ఈ20 అయితే కింది పొర 28 గీత దగ్గరికి చేరుతుంది. అంతకంటే బాగా ఎక్కువ వస్తే బంకు మార్చు.

ఇవన్నీ ఆరుబయట, ఇంజిన్ చల్లారాక చేయాలి. ఫోన్, సిగరెట్, పొయ్యి ఏవీ దగ్గర ఉండకూడదు.

ఓరుగల్లు_250

సీసాలో పొర రాలేదు. కొలజాడీ మా తమ్ముడి కాలేజీ ల్యాబ్‌లో దొరికింది. కింది పొర 27, 28 మధ్యలో ఆగింది. అంటే పెట్రోల్ బంకులో ఈ20 అని రాసినట్టే ఉంది. మూత తెరిస్తే గాలి లాగలేదు. కానీ సత్తెనపల్లి గారు చెప్పిన నీటి రంధ్రం పూర్తిగా పూడిపోయి ఉంది. తీగతో పొడిస్తే నల్లటి మట్టి ముద్ద వచ్చింది. ఇది చెప్పకపోతే ఈ వానలకు నిజంగానే నీళ్లు చేరేవి.

స్పానర్_సత్తెనపల్లి

మంచిది. ఇప్పుడు ఐడిల్ సంగతి ముందు తేల్చుకో, అది తేలిక. ఎయిర్ బాక్స్ తీసి థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే గొట్టం) లోపలికి టార్చ్ వేసి చూడు. అందులో తెరుచుకుని మూసుకునే రేకు, అంటే బటర్‌ఫ్లై అంచున నల్లటి జిడ్డు కనిపిస్తుంది. పక్కనే ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్‌కు గాలి వెళ్లే సన్నటి దారి ఉంటుంది. 61 వేలకు అది సగం మూసుకుపోయి ఉంటుంది. ఆ వాల్వ్ వైరింగ్ తెగితే ఇంజిన్ లైట్ మినుకుతూ 29 కోడ్ చూపిస్తుంది, జిడ్డు పట్టి బిగుసుకుంటే మాత్రం ఏమీ చూపించదు.

రెండు జాగ్రత్తలు. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే నేరుగా లోపల కొట్టొద్దు, హోండా థ్రాటిల్ బాడీల లోపలి గోడకు పూత ఉంటుంది, అది లేస్తుంది. మెత్తటి గుడ్డను పెట్రోల్‌లో తడిపి తుడువు. తెల్ల రంగు వేసి ఉన్న స్క్రూలను అసలు కదపొద్దు. అవి ఫ్యాక్టరీలో సెట్ చేసినవి, ఒకసారి కదిపితే మళ్లీ అక్కడికి తేలేం.

తుడిచాక, సిలిండర్‌కూ థ్రాటిల్ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు బెల్లోను వంచి చూడు, పగుళ్లు ఉన్నాయేమో. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా దాని మీద నీళ్ల స్ప్రే కొడితే ఆర్‌పీఎమ్ మారిందంటే అక్కడ గాలి లాగుతున్నట్టే.

ఓరుగల్లు_250

ఆదివారం మొత్తం దీని మీదే కూర్చున్నాను. ఫెయిరింగ్ విప్పడమే పెద్ద పని. బటర్‌ఫ్లై అంచంతా తారు పూసినట్టు ఉంది. గుడ్డ నాలుగైదు సార్లు మార్చాల్సి వచ్చింది. రబ్బరు బాగానే ఉంది, నీళ్లు కొట్టినా ఆర్‌పీఎమ్ కదలలేదు.

బిగించాక ఐడిల్ 1400 దగ్గర నిలబడింది. వేడెక్కాక సుబేదారి సిగ్నల్ దగ్గర కావాలనే ఎక్కువసేపు ఆగి చూశాను. ఆఫ్ కాలేదు!

జర్కులు మాత్రం అలాగే ఉన్నాయి.

వోల్ట్_విశాఖ

సగం పని అయిందన్నమాట. మిగిలిన సగానికి ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్ క్యాప్ కూడా చూడాలి. వేడెక్కితే కాయిల్ లోపల తెగి, చల్లారితే కలిసే కేసులు ఉంటాయి. చీకట్లో ఇంజిన్ నడుపుతూ ప్లగ్ వైరు పక్కన నీలి మెరుపు ఏమైనా కనిపిస్తుందా చూడండి. చేయి మాత్రం పెట్టొద్దు.

ఆటోనగర్_టెక్

కాయిల్ అయితే మిస్సింగ్ ఠక్కున వచ్చి ఠక్కున పోతుంది, ఆర్‌పీఎమ్ ముల్లు కూడా ఎగురుతుంది. ఈ తమ్ముడు చెప్పేది నెమ్మదిగా గాలి తీసేసినట్టు శక్తి తగ్గడం. నా లెక్క పెట్రోల్ ప్రెషర్ మీదే.

ఇక్కడ అందరూ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ బండిలో పెట్రోల్ ప్రెషర్ కొలిచే సెన్సార్ ఏదీ లేదు. గాలి ఎంత వస్తోంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఇవన్నీ చూసి ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో ఈసీయూ లెక్క కడుతుంది. పైపులో ప్రెషర్ సరిగ్గానే ఉందని నమ్మి వేసే లెక్క అది. ప్రెషర్ పడిపోతే అదే సమయంలో తక్కువ పెట్రోల్ పడుతుంది. మెల్లగా పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సార్ చూసి కొంత సర్దుతుంది. థ్రాటిల్ బాగా తెరిచినప్పుడు ఆ సర్దుబాటు ఉండదు. అందుకే లైట్ వెలగకుండానే బండి ఈడుస్తుంది. లైట్ లేదంటే బండి బాగుందని కాదు.

పంపు శబ్దం వస్తోందంటే మోటారు తిరుగుతోందని మాత్రమే అర్థం. తమ్ముడూ, పంపు ఎప్పుడైనా మార్చారా? ముందు ఓనర్‌ను అడుగు.

ట్విన్_డల్లాస్

నేను ఇక్కడ 2003 సుజుకీ ఎస్‌వీ650 నడుపుతాను, అది కూడా పాత ఎఫ్‌ఐ బండే. టెక్ గారి మాటకు నా ఓటు. ఒక చిన్న పరీక్ష: పంపు నుంచి వచ్చే పైపు విప్పి కొలత ఉన్న బాటిల్‌లో పెట్టి, పంపు పది సెకన్లు నడిపి ఎంత వచ్చిందో చూసి, సర్వీస్ మాన్యువల్ అంకెతో పోల్చవచ్చు. ప్రెషర్ గేజ్ దొరక్కపోతే అదైనా చేయండి.

ఆటోనగర్_టెక్

చేయొచ్చండీ. అయితే అందులో ఒక లోపం ఉంది. పైపు చివర తెరిచి ఉంటే పంపుకు ఎదురు ఒత్తిడి ఉండదు. లోపల చిన్న చీలిక ఉన్నా అప్పుడు అది తెరుచుకోదు, బాటిల్ చక్కగా నిండుతుంది. గేజే కావాలి. నా దగ్గర పైపు మధ్యలో బిగించే టీ అడాప్టర్‌తో గేజ్ ఉంది. తమ్ముడూ, అడ్రస్ మెసేజ్ చెయ్యి, ఆర్టీసీ కార్గోలో వేస్తాను. పని అయ్యాక తిరిగి పంపు.

ఓరుగల్లు_250

గేజ్ అందింది అన్నా. ఎంత చెప్పినా తక్కువే.

ముందు ఓనర్‌తో మాట్లాడాను. పంపు ఒకసారి ఆగిపోతే కంపెనీ అసెంబ్లీ ఖరీదని, బయట మెకానిక్ దగ్గర లోపలి మోటారు ఒక్కటే మార్పించాడట.

ఇక గేజ్ సంగతి. చల్లగా ఉన్నప్పుడు కీ ఆన్ చేస్తే ముల్లు మాన్యువల్ అంకె దగ్గరికి లేచింది. స్టార్ట్ చేశాక కూడా నిలబడింది. ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కించి, రేస్ చేస్తూ చూశాను. ముల్లు మెల్లగా దిగుతూ పోయింది, చివరికి మూడో వంతు తక్కువ. కీ ఆఫ్ చేయగానే ఒక్కసారిగా సున్నాకు పడింది. చల్లగా ఉన్నప్పుడు ఇలా పడలేదు.

స్పానర్_సత్తెనపల్లి

దొరికింది! మోటారు ఒక్కటే మార్చారు అంటే మోటారుకూ, పంపును ట్యాంక్‌కు బిగించే ప్లేటుకూ మధ్య ఏదో పైపు ముక్క బిగించి ఉంటారు. ట్యాంక్ విప్పి పంపు బయటికి తియ్యి. ముందు పంపుకు కరెంటు వచ్చే వైరు కప్లర్ పీకి, ఇంజిన్ తానే ఆగేదాకా నడిపి, ప్రెషర్ పోయాకే పైపు విప్పాలి. మరిచిపోవద్దు.

ఓరుగల్లు_250

పంపు తీశాను. మీరు చెప్పినట్టే లోపల మామూలు నల్ల పెట్రోల్ పైపు ముక్క, రెండు చివర్లా స్క్రూ క్లిప్పులు. పైపు ఉబ్బి, వేలితో నొక్కితే బంకలా మెత్తగా ఉంది. పై క్లిప్పు అంచు దగ్గర గోరు పొడవున చీలిక. వంచితే నోరు తెరుస్తుంది, వదిలితే మూసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలా పట్టుకుందో, వేడికి ఎలా వదిలేసిందో చేతిలో పట్టుకుంటే అర్థమైంది. అడుగున జాలీ ఫిల్టర్ నిండా నల్లటి రబ్బరు పొడి. ఇంజెక్టర్ క్లీనింగ్ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలిసింది.

వేరే పైపు వేస్తే సరిపోతుందా?

ట్విన్_డల్లాస్

ఏ పైపు పడితే అది వేయకండి, ఇది చాలా ముఖ్యం. మామూలు పెట్రోల్ పైపు లోపలి గోడ మాత్రమే పెట్రోల్‌ను తట్టుకుంటుంది. ట్యాంక్‌లో మునిగి ఉండే పైపుకు బయటి గోడ కూడా తట్టుకోవాలి. దాని మీద 'ఎస్‌ఏఈ జె30 ఆర్10' అని ముద్ర ఉంటుంది. ఆర్9 ఇంజెక్షన్ ప్రెషర్‌ను తట్టుకుంటుంది కానీ ముంచడానికి కాదు. ఆర్10 ఖరీదు ఎక్కువ, చిన్న ముక్కలుగానే అమ్ముతారు.

ఆటోనగర్_టెక్

ఇక్కడ ఆర్10 అని అడిగితే చాలా షాపుల్లో తెలియదు. కార్ల పంపుల్లో వాడే ముడతల నైలాన్ గొట్టం అడగండి, ఇథనాల్‌కు బాగా ఆగుతుంది. వేడి నీళ్లలో మెత్తబరిచి ఎక్కించాలి. స్క్రూ క్లిప్పు అంచు రబ్బరును కోస్తుంది, చుట్టూ సమానంగా పట్టే ఇంజెక్షన్ క్లిప్పులే వాడాలి.

అయినా నా మాట వింటే, దొరికినంతకాలం పూర్తి అసెంబ్లీయే వేయించుకో తమ్ముడూ. ఆ మోటారు ఎవరు చేసిందో తెలియదు, ప్రెషర్ రెగ్యులేటర్ వయసు కూడా పన్నెండేళ్లు దాటింది. ప్లేటు కింద సీల్ మాత్రం కొత్తది తప్పనిసరి, పాతది మళ్లీ వేస్తే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారుతుంది. బోల్టులు మాన్యువల్‌లో ఉన్న వరుసలోనే బిగించు.

కిక్‌స్టార్ట్_కడప

ఈ పైపు సంగతి నేనెప్పుడూ వినలేదు. మా ఊరాయన బండి కూడా ఇదే రకం అయ్యుంటుంది. ఆయనకు ఈ చర్చ చూపిస్తాను.

ఓరుగల్లు_250

అసెంబ్లీ హైదరాబాద్‌లో ఒక డీలర్ స్టాక్‌లో దొరికింది. సీల్‌తో సహా వేశాను. ట్యాంక్ కడిగి బాగా ఆరబెట్టాకే ఎక్కించాను.

వేడి మీద గేజ్ ముల్లు కదలడం లేదు. నిన్న మా ఆవిడను ఎక్కించుకుని రామప్ప దాకా వెళ్లొచ్చాం. ములుగు రోడ్డు మీద మూడో గేర్‌లో పూర్తిగా తిప్పి చూశాను, గీత గీసినట్టు లాగింది.

మైలేజ్ 29 దాకా వచ్చింది. ఇంకా పెరగాలి కదా?

వోల్ట్_విశాఖ

బండిని స్టాండ్ మీద ఎత్తి చక్రాలు రెండూ చేత్తో తిప్పండి. ఎక్కడైనా పడుతోందా?

ఓరుగల్లు_250

ముందు చక్రం ఒక చుట్టు కూడా సరిగ్గా తిరగలేదు. బ్రేక్ కాలిపర్ పిన్నులు ఎండిపోయి ప్యాడ్ డిస్క్‌కు రాసుకుంటోంది. శుభ్రం చేసి బ్రేక్ గ్రీజు పెట్టాను, ఇప్పుడు ఫ్రీగా తిరుగుతోంది. ట్యాంక్ ఇంకోసారి నింపాక లెక్క చెబుతాను.

ఖమ్మం_ఆర్15

టెక్ అన్నా, నా 2009 యమహా ఆర్15కి కూడా పంపు మోటారు ఒక్కటే బయట మార్పించారు. ఇప్పటికి ఇబ్బంది లేదు కానీ ఇది చదివాక భయమేస్తోంది. ఆ గేజ్ నాకు వస్తుందా?

ఆటోనగర్_టెక్

తప్పకుండా. ఓరుగల్లు తమ్ముడూ, నాకు తిరిగి పంపే బదులు నేరుగా ఖమ్మం వెయ్యి. ఖమ్మం తమ్ముడూ, ఆర్15 పైపు కప్లర్ వేరే ఉంటుంది, ఈ టీ అడాప్టర్ పట్టదు. నీ పైపు చివర ఫోటో, బయటి కొలత పంపు. సరిపోయే అడాప్టర్ ఇక్కడి నుంచి విడిగా వేస్తాను. వేడి మీద కొలవడం మాత్రం మరవకు, చల్లటి ఇంజిన్ మీద చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది.